ఇంటి చరిత్ర, ఊరి దస్త్రం

ఇటీవలి కాలంలో మన రచయితల్లోనూ సాహిత్య విద్యార్థుల్లోనూ కుటుంబ చరిత్రల మీద ఆసక్తి పెరుగుతున్నది. మూడు తరాల కథను నవలగా మలచదలచినవారూ, తాతగారి జీవితచరిత్ర రాయబూనినవారూ, ఒక ఊళ్ళోని కుటుంబాల రాకపోకల మీద పరిశోధన చేస్తున్నవారూ గ్రంథాలయాలకు, రికార్డు గదులకు వెళుతున్నారు. ఇది సంతోషించవలసిన పరిణామం. చరిత్ర అంటే రాజుల వంశావళి అనుకున్న రోజులు చాలాకాలం నడిచాయి. రాగిరేకుల మీదికెక్కిన వంశాలన్నీ దాతలవీ ప్రభువులవీ. ఇప్పుడు రైతు మనవడూ, కూలివాని మనవరాలూ తమవారెవరో, ఎక్కడినుంచి వచ్చారో, ఎవరి భూమి దున్నారో తెలుసుకోవాలనుకుంటున్నారు.

అయితే ఈ వెతుకులాటలో ఎలా నడుచుకోవాలన్న సంగతి మనం సరిగా చర్చించుకోలేదు. పరిశోధన పద్ధతుల గురించి విశ్వవిద్యాలయాల్లో పాఠాలున్నాయి. కాని, విప్పిన కట్టను తిరిగి ఎలా కట్టాలో, అందులో పరాయివారి సంగతులు కంటబడితే ఏం చెయ్యాలో, తెచ్చి ఇచ్చిన మనిషితో ఎలా మాట్లాడాలో ఎవరూ చెప్పరు. అవి చిన్న విషయాలని మనవాళ్ళ అభిప్రాయం. నా అభిప్రాయం అది కాదు.

మర్యాద అనే మాటకు మన భాషలో గౌరవం అనే అర్థంతోపాటు హద్దు అనే అర్థం కూడా ఉంది. ఈ వ్యాసంలో నేను రెండర్థాల్లోనూ వాడుతున్నాను. నేను వెతికేది నా కుటుంబాన్నే కావచ్చు. నా ముందు పెట్టిన దస్త్రం మాత్రం నా కుటుంబానిది కాదు. అందులో ఊరంతా ఉంది. ఆ దస్త్రాన్ని కాపాడినవారి శ్రమ ఉంది. నా తరువాత వచ్చి కూర్చోబోయే మరొకరి హక్కు కూడా ఉంది. చెప్పదలచిన మర్యాదలన్నీ ఈ ఒక్క విషయం నుంచి పుట్టినవే.

బయలుదేరే ముందు

మొదటి మర్యాద ఇంట్లో మొదలవుతుంది. “మా వంశం గురించి ఏమైనా ఉంటే ఇవ్వండి” అని గ్రంథాలయంలో అడిగేవారిని నేను చూశాను. ఏ గ్రంథాలయంలోనూ అలాంటి బీరువా ఉండదు. ఊరి పేరు, సుమారు సంవత్సరం, మనిషి పేరు, అతని తండ్రి పేరు – ఈ నాలుగూ చేతిలో లేకుండా వెళ్ళటమంటే అవతలి మనిషి కాలాన్ని మనం ఖర్చు చెయ్యడమే. పెద్దమ్మలు, మేనత్తలు బతికి ఉండగా వారి దగ్గర కూర్చుని అడిగి రాసుకోవాలి. ట్రంకుపెట్టెల్లోని పాత దస్తావేజులు, పన్ను రసీదులు, పెళ్ళి శుభలేఖలు చూసుకోవాలి.

ఆ తరువాత ఏ ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉందో తెలుసుకోవాలి. కృష్ణా డెల్టాలో ఇది చాలామందిని తిప్పలు పెడుతుంది. 1859లో గుంటూరు, మచిలీపట్నం జిల్లాలు కలిసి కృష్ణా జిల్లా అయింది. 1904లో గుంటూరు మళ్ళీ విడిపోయింది. అదే సమయంలో గోదావరి జిల్లా నుంచి ఏలూరు, భీమవరం, నరసాపురం వంటి తాలూకాలు కృష్ణాలో చేరాయి. 1925లో అవి పశ్చిమగోదావరి అయ్యాయి. అంటే, తెనాలి ప్రాంతపు కుటుంబం 1880 నాటి కాగితాల కోసం కృష్ణా జిల్లా పేరుతో వెతకాలి. భీమవరం ప్రాంతపు కుటుంబం ఇరవై ఏళ్ళపాటు కృష్ణా జిల్లాలో ఉండి తరువాత మాయమైనట్టు కనిపిస్తుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు కాగితాలు మరోసారి చెల్లాచెదురయ్యాయి. 2022లో విజయవాడ కేంద్రంగా ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడింది; నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. 1953కు ముందు మనది మద్రాసు రాష్ట్రం కాబట్టి పైస్థాయి రికార్డులు కొన్ని చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్సులో, కొన్ని హైదరాబాదు తార్నాకలో చూడవలసి వస్తుంది. ఎగ్మూరు కార్యాలయం 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా మొదలయింది. ఈ సంగతులు తెలియక గుమాస్తా మీద విసుక్కోవడం సరికాదు. 1883లో అచ్చయిన గార్డన్ మెకంజీ కృష్ణా జిల్లా మాన్యువల్ వంటి పుస్తకం ముందుగా చదివితే సగం సందేహాలు తీరతాయి.

కాలగణన మరొక చిక్కు. పాత రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరాలుంటాయి. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ఫసలీ 1300 అంటే 1890–91. ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగు సంవత్సరాల పేర్లతో చెబుతారు. ఆ పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. “మావాళ్ళు నందనలో వలస వచ్చారు” అని ముసలమ్మ చెబితే అది 1832–33 నాటి గుంటూరు కరువా, 1892 నాటి సంగతా అన్నది లెక్క కట్టుకోవలసినవారం మనమే. బందరు ఉప్పెన 1864 నవంబరు 1న, రక్తాక్షిలో వచ్చింది. సుమారు 30,000 మంది పోయారు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, పింగళలో వచ్చింది. “ఉప్పెనలో పోయారు” అన్న ఒక్క మాట పట్టుకుని కాగితాలన్నీ తిరగేయించే ముందు ఏ ఉప్పెనో తేల్చుకోవాలి.

ఇవి ఎవరు కూడబెట్టినవి?

మనం వెళ్ళి కూర్చునే గ్రంథాలయాలు ఆకాశం నుంచి ఊడిపడినవి కావు. విజయవాడలో రామమోహన గ్రంథాలయం 1911లో వెలసింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం బెజవాడలోనే పుట్టింది. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది. పాత పత్రికల సంపుటాల కోసం దూరప్రాంతాల పరిశోధకులు నేటికీ అక్కడికి వెళతారు. 1930లలో పాతూరి నాగభూషణం డెల్టా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. కాలువగట్టు మీది ఊళ్ళవారు పడవ వచ్చినప్పుడు పుస్తకాలు తీసుకునేవారు. వీటికి చందాలిచ్చినవారిలో సంపన్నులతోపాటు సామాన్యులూ ఉన్నారు. ఒక్కొక్క పత్రిక సంచికను జాగ్రత్తచేసి, సంవత్సరం చివర బైండు చేయించి, చెదలు పట్టకుండా ఎండబెట్టినవారి పేర్లు ఎక్కడా కనిపించవు.

ఈ చరిత్ర తెలిసిన మనిషి ఆ సంపుటం మీద బ్లేడు పెట్టలేడు. కాని పెట్టేవాళ్ళున్నారు. ఒక పాత గ్రంథాలయంలో స్వాతంత్ర్యోద్యమ కాలపు పత్రికల సంపుటం తిరగేస్తుంటే ఒక పుటలో ఫోటో ఉండవలసిన చోట చతురస్రాకారంలో కన్నం కనిపించింది. వెనుక పుటలో ఉన్న వార్త కూడా దానితోపాటే పోయింది. ఎవరో తమ తాతగారి బొమ్మ కోసుకుపోయారు. ఇప్పుడది వారింట్లో పటంలో ఉండి ఉంటుంది. ఆ పటం చూసినవాళ్ళకు తాతగారు కనిపిస్తారు గాని, ఏ సభలో, ఏ తేదీన, ఎవరి పక్కన నిలబడ్డారో తెలిసే దారి లేదు. కోసినవాడు తన తాత చరిత్రనే తుంచాడన్నమాట. వెనుక పుటలో వార్తగా ఉన్న మనిషి తాలూకు మనవడు రేపు వచ్చి అడిగితే చెప్పడానికి ఏ సమాధానమూ లేదు.

చేతులూ కాగితమూ

ఇక కాగితం ముందు పాటించవలసిన పనులు. ఇవి అందరికీ తెలిసినవేనని అంటారు. ఏ పఠనమందిరంలోనైనా ఒక గంట కూర్చుంటే ఎంతమందికి తెలుసో బోధపడుతుంది.

చేతులు కడుక్కుని, తుడుచుకుని కూర్చోవాలి. నోటి తడితో పుట తిప్పకూడదు. పెన్ను సంచిలో పెట్టి పెన్సిలు తీయాలి. టీ గ్లాసు, మంచినీళ్ళ సీసా బల్ల మీద ఉండకూడదు. పుస్తకం మీద మోచేతులు ఆనించి, దాని మీదే కాగితం పెట్టి రాసుకోకూడదు. పాత బైండు గట్టిగా విప్పితే వీపు విరుగుతుంది. ఎంత తెరుచుకుంటే అంతే చదవాలి. చిరిగిన పుట కనబడితే జేబులోని టేపు అంటించి ఉపకారం చేయబోకూడదు. ఆ టేపు కొన్నేళ్ళకు పసుపు మరక చేసి అక్షరాలనే తినేస్తుంది. సిబ్బందికి చూపించి ఊరుకోవాలి. తాళపత్రాలకు నూనె రాయడం, మసి రుద్దడం వంటివి తెలిసినవారు చెయ్యవలసిన పనులు. చదవటం వీలుకాకపోతే వారినే అడగాలి.

అన్నింటికంటే ముఖ్యమైనది వరస. దస్త్రంలో కాగితాలు ఏ వరసలో ఉన్నాయో ఆ వరసకు అర్థముంటుంది. అర్జీ, దాని మీద కరణం రాసిన నివేదిక, తాసీల్దారు ఉత్తర్వు ఒకదాని వెనుక ఒకటి ఉంటేనే ఏం జరిగిందో తెలుస్తుంది. మనకు కావలసిన కాగితం పైన పెట్టుకుని, తక్కినవి కిందకు తోసి, ఎలాగోలా కట్టేసిపోతే ఆ కథ తెగిపోతుంది. విప్పిన నాడా అదే ముడితో తిరిగి కట్టాలి. ఒకసారికి ఒక కట్ట మాత్రమే విప్పాలి.

ఇప్పుడు చేతిలో ఫోను వచ్చింది. అనుమతి ఉన్నచోట ఫోటో తీసుకోవడం మంచిదే. కాగితాన్ని మళ్ళీ మళ్ళీ తాకవలసిన పని తప్పుతుంది. అయితే అనుమతి అడిగి తీయాలి, వెలుగు చిమ్మకుండా తీయాలి. ప్రతి ఫోటోకూ దస్త్రం సంఖ్య, పుట సంఖ్య అక్కడే రాసుకోవాలి. ఇంటికి వెళ్ళాక ఎక్కడిదో తెలియని మూడు వందల ఫోటోలు ఎవరికీ ఉపయోగపడవు. ఆ సంఖ్య కోసం మళ్ళీ వెళ్ళి అదే కట్ట దించమని అడగవలసి వస్తుంది.

కట్ట దించేవాడు

కట్ట దించమనటం సులభం. పై అరలోని కట్ట దించాలంటే నిచ్చెన ఎక్కాలి, దుమ్ము పీల్చాలి, పేరు చెరిగిపోయిన అట్టల్లో ఏది ఏదో గుర్తుపట్టాలి. ఈ పని చేసే అటెండరుకు మనం సలహా ఇచ్చేటంత చదువుకున్నవాళ్ళం అనుకుంటాం. నిజానికి ఆ గదిలో ఏ కాగితం ఎక్కడుందో అధికారికంటే అతనికే ఎక్కువ తెలుసు. శ్రమ గురించి కవిత్వం రాసే మనం అతన్ని పేరు పెట్టి, గారు చేర్చి పిలవటం నేర్చుకోవాలి. మధ్యాహ్నం భోజనవేళ, మూసివేసే అరగంట ముందు కొత్త చీటీ రాసి ఇవ్వకూడదు. కావలసినవన్నీ ముందుగా ఒక చీటీలో రాసిస్తే అతను ఒక్కసారి నిచ్చెన ఎక్కుతాడు. ఫలానా ఎమ్మెల్యేగారు మాకు బంధువులని చెప్పి వరస తప్పించుకోవటం, రూలు ఒప్పుకోని కాగితం కోసం చేతిలో నోటు పెట్టటం – ఈ రెండూ అతన్ని అవమానించటమే. పైగా మన తరువాత వచ్చే పేద విద్యార్థికి ఆ తలుపు మూసినట్టవుతుంది.

పుస్తకానికి ముందుమాట రాసేటప్పుడు ఆచార్యులకు, మంత్రులకు కృతజ్ఞతలు చెప్పుకుంటాం. అక్కడ ఈ మనిషి పేరు కూడా ఉండాలి.

పరాయివారి సంగతులు

ఇప్పుడు హద్దు అనే అర్థానికి వద్దాం. మన కుటుంబం కోసం తెరిచిన రిజిస్టరులో ఇరుగుపొరుగుల సంగతులు కంటబడతాయి. దత్తతలు, దావాలు, అప్పులు, మనోవర్తి తగాదాలు, కులం పేర్లు, తండ్రి పేరు లేని పిల్లలు. వాటిని చదవకుండా కళ్ళు మూసుకోవటం సాధ్యం కాదు. మోసుకుపోకుండా ఉండటం సాధ్యమే.

చట్టం కూడా ఈ తేడా గుర్తించింది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే 1వ పుస్తకాన్ని, దాని సూచికలను రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. భూమి చేతులు మారిన సంగతి లోకానికి తెలియాలి గదా. 3వ పుస్తకంలో ఉండే వీలునామాల నకళ్ళు మాత్రం రాసినవారు బతికి ఉన్నంతకాలం వారికి, వారి ప్రతినిధులకు తప్ప ఇవ్వరు. వారు పోయిన తరువాతే ఇతరులు అడగవచ్చు. 4వ పుస్తకంలోని పత్రాల నకళ్ళు వాటితో సంబంధం ఉన్నవారికే. 3, 4 పుస్తకాల్లో వెతికే పని కూడా అధికారే చెయ్యాలి, మనం కాదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో “ఇదెందుకు చూపించరు” అని దెబ్బలాడే ముందు ఈ నియమం వెనుక ఉన్న న్యాయం గ్రహించాలి.

చట్టం అనుమతించిన చోట కూడా మనకు మనం గీసుకోవలసిన గీత ఒకటుంది. 1858లో మద్రాసు రాజధానిలో ఏర్పడిన ఇనాం కమీషను ఊరూరా విచారణ జరిపి రిజిస్టర్లు తయారుచేసింది. కరణం మాన్యాలు, పూజారి మాన్యాలతోపాటు చాకలి, మంగలి, వెట్టి మాన్యాలు, గుళ్ళో ఆడే స్త్రీలకిచ్చిన మాన్యాలు కూడా వాటిలో ఎక్కాయి. మొదట పొందినవారెవరు, అప్పుడు అనుభవిస్తున్నవారెవరు, ఇద్దరికీ ఉన్న బంధుత్వమేమిటి అన్నది కూడా రాశారు. భూస్వాముల ఇళ్ళలో తప్ప వంశవృక్షాలు లేని ఆ రోజుల్లో వృత్తికులాల కుటుంబాలకు ఇంత విలువైన ఆధారం మరొకటి దొరకటం కష్టం. కాని, ఎదురింటివారి ముత్తవ్వ దేవదాసి అని అందులో చూసి, ఫోటో తీసి ఊరి వాట్సాపు గుంపులో పెట్టేవాణ్ణి చరిత్రకారుడని ఎలా అంటాం? దేవదాసీ వ్యవస్థను మద్రాసు ప్రభుత్వం 1947లో చట్టం ద్వారా నిషేధించింది. ఆ మాటతో చేసే వెక్కిరింత ఇంకా మానలేదు. ఆ కుటుంబం తానుగా చెప్పుకుంటే అది వారి హక్కు, వారి ధైర్యం. మనం చెప్పటం చాడీ. ఆ వ్యవస్థ గురించి రాయవలసి వస్తే, బతికి ఉన్నవారికి మచ్చ తగలకుండా ఊరిపేరు, ఇంటిపేరు తొలగించి కూడా రాయవచ్చు.

పాలేరు అనే మాట

పరాయివారి సంగతులు దాచటం వేరు, మన సంగతులు దాచటం వేరు. మొదటిది మర్యాద, రెండవది చరిత్రకు చేసే ద్రోహం. బడిపంతులుగా నాకు ఎదురైన ఒక సంగతి చెబుతాను.

డెల్టాలో పాత బడుల్లో అడ్మిషను రిజిస్టర్లు దశాబ్దాలనాటివి ఉంటాయి. పిల్లవాని పేరు, పుట్టిన తేదీ, తండ్రి లేక సంరక్షకుని పేరు, అతని వృత్తి వాటిలో ఉంటాయి. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన తన తండ్రి చదువుకున్న బడి అని వెతుక్కుంటూ మా దగ్గరకు వచ్చారు. కుటుంబ చరిత్ర రాస్తున్నారు. ప్రధానోపాధ్యాయుని అనుమతితో రిజిస్టరు తీశాము. తండ్రి పేరు దొరికింది. ఆయన కళ్ళు చెమర్చాయి. తరువాత సంరక్షకుని వృత్తి గడి చూశారు. “పాలేరు” అని ఉంది. కాసేపు మాట్లాడలేదు. “దీన్ని వ్యవసాయం అని దిద్దటానికి వీలుందా మాస్టారూ, ఎలాగూ పొలం పనే గదా” అని అడిగారు.

వీలులేదన్నాను. ప్రభుత్వ రిజిస్టరు దిద్దటం నేరమన్నది ఒక కారణం. అసలు కారణం అది కాదు. అసామి ఇంట్లో ఏడాది జీతానికి పనిచేస్తూ ఒక మనిషి తన కొడుకును పశువుల వెంట పంపకుండా పలకా బలపం ఇచ్చి బడిలో చేర్చాడు. ఆ కుటుంబ చరిత్రలో ఇంతకంటే గొప్ప ఘట్టం లేదు. “వ్యవసాయం” అని దిద్దితే, ఉన్నవాడి కొడుకు చదువుకున్నాడన్న మామూలు సంగతి మిగులుతుంది. ఈ మాట చెబితే ఆయన విన్నారు. ఒప్పుకున్నారో లేదో తెలియదు. ఆ పుట ఫోటో తీసుకుని వెళ్ళారు.

ఆయన్ని తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. పాలేరు అన్న మాటను సిగ్గుపడవలసిన మాటగా చేసిన సమాజానిది తప్పు. కాని రచయితలమైన మనం ఆ సిగ్గుకు లొంగకూడదు. ఇటువైపు సిగ్గుతో దిద్దేవారున్నట్టే, అటువైపు గొప్ప కోసం దిద్దేవారూ ఉన్నారు. కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. ఆ తరువాత మాగాణి విలువ పెరిగి డెల్టాలో ఎన్నో కుటుంబాలు పైకి వచ్చాయి. ఎలా వచ్చాయో 1వ పుస్తకంలో ఉంటుంది. పదిరూపాయల వడ్డీకి తనఖా పట్టిన చెక్క మూడేళ్ళకు విక్రయమవుతుంది. అమ్మినవాడి వేలిముద్ర, కొన్నవాడి సంతకం పక్కపక్కనే ఉంటాయి. కొన్నవాడు మన తాత కావచ్చు. పొలాలు సంపాదించిన తాత కష్టజీవి అని రాసి, ఆ వేలిముద్ర సంగతి వదిలేస్తే మనం రాసింది కుటుంబ చరిత్ర కాదు, భట్రాజు పొగడ్త. దాని కోసం ఇంత దూరం వచ్చి కట్ట దించమనవలసిన పని లేదు.

కాగితానికెక్కనివారు

కాగితం రాసినవాడి కాగితమే. మెకంజీ కోసం కావలి సోదరులు, వారి సహాయకులు సేకరించిన కైఫియత్తులు మనకు పెన్నిధి. కాని వాటిలో ఊరి సంగతి చెప్పింది ఎక్కువగా కరణాలు, పెద్దరైతులు, అర్చకులు. మాలపల్లె నుంచి ఎవరినైనా పిలిచి అడిగారా అన్న ప్రశ్న వేసుకుంటూ చదవాలి. 1984లో వంశపారంపర్య కరణీకాలు రద్దయ్యేదాకా ఊరి లెక్కలు ఒకే కుటుంబం చేతిలో, చాలాచోట్ల ఒకే ఇంట్లో, ఉండేవి. గొలుసుకట్టు రాత వారికి తప్ప చదవటం రాదు. ఇప్పటికీ ఆ రాత చదవటానికి పాత కరణంగారి దగ్గరకే వెళ్ళవలసి వస్తుంది. వెళ్ళినప్పుడు ఆయన విద్యకు గౌరవమివ్వాలి. ఆయన చెప్పిన భాష్యాన్ని మాత్రం మరొక ఆధారంతో పోల్చుకోవాలి.

స్త్రీల సంగతి మరీ అన్యాయం. వంశవృక్షాల్లో మగవారి పేర్లే ఉంటాయి. రికార్డుల్లో “ఫలానావారి భార్య” అనే ఉంటుంది. అయితే పసుపుకుంకుమల కింద ఆడపిల్లకు రాసిచ్చిన భూముల దస్తావేజుల్లో ఆమె పేరు, పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు దొరుకుతాయి. ఓపికతో వెతికితే అమ్మమ్మ తల్లి పేరు కూడా బయటపడుతుంది.

దళిత కుటుంబాలకు కొన్నిచోట్ల చర్చి బాప్తిస్మపు రిజిస్టర్లు ఆధారం. అవి ఆ సంఘపు సొత్తు. పాస్టరుగారి అనుమతితో, ఆరాధన వేళలు కాకుండా చూడాలి. సముద్రాలు దాటినవారి సంగతి మరొక తీరు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి నేటాలు చేరింది. అప్పటినుంచి 1911 దాకా మద్రాసు, కలకత్తా రేవులనుంచి 1,52,000 మందికి పైగా ఒప్పంద కూలీలుగా అక్కడికి వెళ్ళారు. ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం, ఒంటి మీది పుట్టుమచ్చలు కూడా రాశారు. దక్షిణాఫ్రికా తెలుగువారి మనవలు ఆ ఒక్క వరస పట్టుకుని ఊరు వెతుక్కుంటూ రావటం మామూలే. ఊరి పేరు ఆంగ్ల గుమాస్తా చెవికి తోచినట్టు ఉంటుంది. అలాంటివారు వచ్చినప్పుడు, భూమిలో వాటా అడుగుతారేమో అని తలుపులు వేసుకోకుండా, ఆ పేరు ఏ ఊరిదై ఉంటుందో కలిసి ఆలోచించటం మనవైపు నుంచి పాటించవలసిన మర్యాద.

కాగితం కాని దస్త్రాలు కూడా మనకున్నాయి. రైతు కులాల గోత్రాలు, వంశాలు తరతరాలుగా నోటితో చెబుతూ వచ్చిన గాయకులున్నారు. లోకం వారిని పిచ్చుకగుంట్లవారని పిలిచింది. వారు తమను వంశరాజులని చెప్పుకుంటారు. ముందుగా ఆ పేరుతో పిలవటం నేర్చుకుందాం. వారు చెప్పింది ఫోనులో రికార్డు చేసుకుని, చేతిలో ఇరవై రూపాయలు పెట్టి పంపి, తరువాత “నా పరిశోధన” అని అచ్చు వేసుకోవటం దోపిడీ. ఆర్కైవ్సులో నకలుకు రుసుము కడతాం, దస్త్రం సంఖ్య రాస్తాం. ఆయనకూ రుసుము ఉంది, ఆయనకూ పేరుంది, ఊరుంది. ఆయన ఒప్పుకుంటే అవి మన పుస్తకంలో రావాలి. అచ్చయిన ప్రతి ఆయన ఇంటికి చేరాలి. ఆయన చెప్పిన దానిలో పోషకుల గొప్పకోసం చేరిన అతిశయోక్తి ఉంటుంది నిజమే. కైఫియత్తులో మాత్రం లేదా?

రాసేటప్పుడు, రాసిన తరువాత

ఆధారం ఎక్కడిదో చెప్పటం రచయిత ధర్మం. నవలకు అధోజ్ఞాపికలు అక్కరలేదు. ముందుమాటలో ఏ గ్రంథాలయంలో ఏ సంపుటాలు చూశారో, ఏవి విన్నవో, ఏవి కల్పించారో ఒక్క పేరా రాస్తే చాలు. విజయవాడలో న్యాయవాదిగా ఉంటూ చరిత్ర పరిశోధన చేసిన దిగవల్లి వేంకట శివరావు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను 1941లో పరిష్కరించి ప్రకటించారు. అలాంటి పరిష్కర్తల కృషి చూస్తే, పాత వాక్యాన్ని తన వాక్యంతో కలిపెయ్యకుండా ఏది ఎవరిదో చూపటానికి ఎంత శ్రద్ధ కావాలో తెలుస్తుంది. వెతికి దొరకని సంగతి కూడా రాయాలి. ఫలానా సంవత్సరాల రిజిస్టరులో మావారి పేరు లేదు అన్న ఒక్క వాక్యం తరువాతివారికి రెండు రోజుల శ్రమ తగ్గిస్తుంది.

తీసుకున్నదానికి తిరిగి ఇవ్వటం చివరి విషయం. పుస్తకం అచ్చయితే ఆధారం ఇచ్చిన ప్రతి గ్రంథాలయానికీ ఒక ప్రతి పంపాలి. ఇంట్లోని ఉత్తరాలు, డైరీలు, కరపత్రాలు తాతగారు పోయిన ఏడాదికే తూకానికి వెళుతున్నాయి. మన అభ్యుదయ సాహిత్యోద్యమం 1943లో తెనాలి మహాసభతో మొదలయింది. ఆ తొలినాళ్ళ కార్యకర్తల ఇళ్ళలోని కాగితాలు ఎన్ని మిగిలాయో ఆలోచించండి. పాత పత్రిక ఒక సంచిక దొరకలేదని గ్రంథాలయాన్ని నిందిస్తాం. మన అటక మీది సంచికలు మాత్రం దానికివ్వం. ఇచ్చేటప్పుడు ఎవరివి, ఏ ఊరివి, ఏ కాలానివి అని ఒక జాబితా రాసి ఇవ్వాలి. బతికి ఉన్నవారి సంగతులుంటే ఎన్నేళ్ళ తరువాత తెరవాలో కూడా అందులో రాయవచ్చు.

సంఘం శాఖలు ఈ విషయంలో చెయ్యగల పనులు రెండున్నాయి. సాహిత్య విద్యార్థులను ఏడాదికొకసారి దగ్గరలోని పాత గ్రంథాలయానికి తీసుకువెళ్ళి, పుట తిప్పటం దగ్గరనుంచి కట్ట కట్టటం దాకా అక్కడి సిబ్బంది చేతనే చెప్పించాలి. శాఖ సభ్యుల ఇళ్ళలో ఏ కాగితాలున్నాయో ఒక జాబితా తయారుచేయాలి. నేను పేర్కొనని మర్యాదలు మిత్రులకు తోచవచ్చు. పేర్కొన్నవాటితో విభేదించేవారూ ఉండవచ్చు. ముఖ్యంగా, పరాయివారి రహస్యం ఎప్పుడు చరిత్ర అవుతుందన్న ప్రశ్నకు నేనిచ్చిన సమాధానం చాలదని నాకు తెలుసు. దాని మీద రచయితలు తమ అనుభవాలతో రాస్తే చర్చ ముందుకు సాగుతుంది.